సెలైన్ పెట్టిన చెయ్యి ఎందుకు వాస్తుంది?

అన్నవరం నుంచి కాకినాడ వెళ్లాలంటే జాతీయ రహదారి మీద కత్తిపూడి దాకా వచ్చి, అక్కడ 216లోకి తిరిగి, పిఠాపురం మీదుగా పోవాలి. సుమారు యాభై కిలోమీటర్లు. జ్వరమో విరేచనాలో ఆయాసమో ముదిరిన బిడ్డని ఈ దారిన తెచ్చేవాళ్లు చాలాసార్లు నేరుగా కాకినాడ రారు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ, తర్వాత తునిలోనో ప్రత్తిపాడులోనో ఆసుపత్రి, అక్కడా తగ్గకపోతే 108లో కాకినాడ జీజీహెచ్. మొదటి మజిలీలో చేతికి గుచ్చిన క్యాన్యులా కూడా బిడ్డతో పాటే కాకినాడ చేరుతుంది. అది ఎవరు పెట్టారు, ఏ పూట పెట్టారు, చర్మం సరిగ్గా తుడిచారా, అందులోంచి ఇంతవరకూ ఏమేం ఎక్కించారు అన్న వివరాలు చీటీ మీద ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రెండో రోజుకో మూడో రోజుకో ఆ చోట వాచి, ముట్టుకోబోతే బిడ్డ కెవ్వుమంటే, “చిన్నపిల్లల నరాలు కదా, అలాగే ఉంటాయి” అని అందరూ సరిపెట్టుకుంటారు. ఆ మాటతోనే నాకు పేచీ. పిల్లల నరాలు సన్నమే, కాదనను. కానీ ఈ వాపుకి ఇప్పటిదాకా తెలిసిన కారణాలను వరసగా చూసుకుంటే, వాటిలో ఎక్కువ భాగం ఆ నరం విషయంలో పెద్దవాళ్లు తీసుకునే నిర్ణయాల్లోనే కనబడతాయి. బిడ్డ నరాన్ని మనం మార్చలేం, నిర్ణయాలను మాత్రం మార్చుకోవచ్చు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నరం లోపలి గోడకి పలచని కణాల పొర ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా సాఫీగా పారేలా చూసేది అదే. గొట్టం రాసుకుని ఆ పొర గీసుకుపోయినా, మందు ఘాటుకి కమిలినా, సూక్ష్మక్రిములు చేరినా ఒంటికి అది గాయమే. తెల్లకణాలు అక్కడికి వచ్చి చేరతాయి. నరం ఉబ్బి నొప్పి, వేడి, ఎరుపు వస్తాయి. దెబ్బతిన్న చోట చిన్న గడ్డ కట్టి, వేలితో తడిమితే తాడులా చేతికి తగులుతుంది. డాక్టర్లు ఫ్లెబైటిస్ అనేది దీన్నే. చెయ్యి వాచిన ప్రతిసారీ ఇదే అనుకోనక్కర్లేదు. గొట్టం కొన నరం గోడని దాటిపోతే ద్రవం చర్మం కిందికి చేరి చెయ్యి చల్లగా, బిగుతుగా పొంగుతుంది. వార్డుల్లో దాన్ని “అవుట్ అయింది” అంటారు. పసిపిల్లల్లో ఇదే ఎక్కువ. 1992లో గార్లండ్ బృందం ‘పీడియాట్రిక్స్’ పత్రికలో ప్రచురించిన పరిశీలనలో, ఐసీయూలో ఉన్న పిల్లల క్యాన్యులాల్లో నూటికి 13 దాకా నరం వాపుతోను, అంతకి రెట్టింపు మందు బయటికి పోవడంతోను పాడయ్యాయి. రెండూ వేరువేరు ఇబ్బందులే అయినా, ఒకటి రెండోదానికి దారి తీస్తుంది. వాచిన నరంలో దారి ఇరుకవుతుంది, వెనక్కి తన్నిన ద్రవం గుచ్చిన కన్నం పక్కనుంచే బయటికి వెతుక్కుంటుంది.

కారణాల్లో అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది సీసాలో ఏముందన్నది. మామూలు సెలైన్, రింగర్ లాక్టేట్, 5 శాతం గ్లూకోజ్ మూడూ చిక్కదనంలో ఇంచుమించు రక్తానికి దగ్గరగా ఉంటాయి. రక్తం లెక్క 290 దగ్గర ఉంటే సెలైన్‌ది 308. నరానికి వీటితో పెద్ద పేచీ లేదు. గ్లూకోజ్ 10 శాతానికి వెళ్తే ఆ అంకె 500 దాటుతుంది, 25 శాతమైతే 1,200 పైకి పోతుంది. అంత చిక్కటి ద్రవం తగిలినప్పుడు గోడ మీది కణాల్లోంచి నీరు బయటికి లాగబడి అవి ముడుచుకుపోతాయి. చేతి నరంలోంచి ఎంత చిక్కటిది ఎక్కించవచ్చన్న దానికి నిపుణులు ఒకప్పుడు 600 దగ్గర గీత గీశారు, తర్వాత 900 దాకా సడలించారు. అంతకు మించితే గుండెకి దగ్గరగా ఉండే పెద్ద నరమే శ్రేయస్కరం అంటారు. చిక్కదనంతో పాటు ఆమ్లగుణం, క్షారగుణం కూడా చూడాలి. రక్తం పీహెచ్ 7.4. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ సూదిమందు 12 దగ్గర ఉంటుంది, ఎసైక్లోవిర్ 11 దగ్గర. మరో కొసన వ్యాంకోమైసిన్ 5 కన్నా కిందే ఉంటుంది. పెద్దవాళ్ల లావాటి నరంలో ఇలాంటి మందు చుక్క పడగానే పారే రక్తం దాన్ని పలచన చేసేస్తుంది. ఏడాది బిడ్డ ముంజేతి నరంలో పారే రక్తం తక్కువ కాబట్టి అదే మందు అదే మోతాదులో గోడకి ఎక్కువసేపు, ఎక్కువ ఘాటుగా తగులుతుంది. నరం సన్నమన్న మాట నిజంగా లెక్కకు వచ్చేది ఇక్కడే.

దీనికి డాక్టర్ల వైపు నుంచి న్యాయమైన అభ్యంతరమే ఒకటి ఉంది. ఆ మందులు సరదాకి వాడేవి కావు. మెదడువాపు అనుమానం ఉన్న బిడ్డకి నరం వాస్తుందని ఎసైక్లోవిర్ మానేస్తారా? మానకూడదు. కాని మందు తప్పనిసరి అయినంత మాత్రాన దాన్ని ఇచ్చే తీరు కూడా తప్పనిసరి అయిపోదు. వ్యాంకోమైసిన్‌ని మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు మించకుండా కలిపి, కనీసం గంటసేపు ఎక్కిస్తే ఒక తీరు. చిక్కగా కలిపి పావుగంటలో తోసేస్తే మరో తీరు. (తొందరగా ఎక్కిస్తే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అది నరం వాపు కన్నా పెద్ద సంగతి.) పొటాషియం సంగతి ఇంకా తేటగా చెప్పొచ్చు. చేతి నరంలోంచి ఇచ్చేటప్పుడు లీటరుకి 40 మిల్లీఈక్వివలెంట్లు మించకూడదన్నది సాధారణ నియమం. మన దగ్గర దొరికే పది మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 ఉంటాయి. అంటే అరలీటరు సీసాకి ఒక్క ఆంప్యూల్‌తోనే గీత దగ్గరికి వచ్చేసినట్టు. పిల్లలకి వాడే వంద మిల్లీలీటర్ల బ్యూరెట్ సెట్‌లో అయితే రెండు మిల్లీలీటర్లతోనే. రాత్రి డ్యూటీలో అలసిన చేతికి మరో మిల్లీలీటరు ఎక్కువ పడితే బిడ్డ గుండెకే ముప్పు, నరం మాట తర్వాత. రెండు మందుల మధ్య సెలైన్‌తో గొట్టం కడగడం కూడా ఇలాంటి చిన్న పనే. కడగకపోతే ఒక మందు మిగులు రెండోదాన్ని ముట్టుకుని లోపలే గడ్డలు గడ్డలుగా విరగవచ్చు.

సీసా తర్వాత గొట్టం. క్యాన్యులా రంగు దాని లావుని చెబుతుంది: ఆకుపచ్చ 18, గులాబీ 20, నీలం 22, పసుపు 24, ఊదా 26. అంకె పెరిగేకొద్దీ సన్నం. షాక్‌లోకి జారిన బిడ్డకి నిమిషాల్లో ద్రవం పోయాలి కాబట్టి దొరికినంత లావుది పెట్టడమే సరి, అక్కడ వాపు గురించి ఆలోచించే తీరిక ఉండదు. మామూలుగా పూటకో ఇంజక్షన్ ఇవ్వడానికి మాత్రం నరాన్ని నిండా ఆక్రమించే గొట్టం అనవసరం. చుట్టూ రక్తం పారే సందు ఉంటేనే మందు పలచనవుతుంది, గోడకి గొట్టం రాపిడి తగ్గుతుంది. ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. మణికట్టు మీద, మోచేతి మడతలో పెడితే చెయ్యి వంచినప్పుడల్లా గొట్టం కొన లోపలి గోడని పొడుస్తూనే ఉంటుంది. నడిచే పిల్లలకి పాదం మంచి చోటు కాదు. బొటనవేలు చీకే అలవాటున్న బిడ్డకి ఏ చేతి వేలు చీకుతుందో తల్లిని ఒక్క మాట అడిగి రెండో చేతికి పెడితే సగం కదలిక తప్పుతుంది. “పిల్లాడు కుదురుగా ఉండడు, చెయ్యి విదిలిస్తాడు” అన్న ఫిర్యాదుకి నా జవాబు ఇదే. పిల్లలు కదలడం వాళ్ల ధర్మం. అది ముందే తెలుసు కాబట్టి కదలికకి తట్టుకునేలా కట్టడం పెట్టినవాళ్ల పని. అట్టముక్కకి గాజుగుడ్డ చుట్టి కట్టే స్ప్లింట్ మన వార్డుల్లో కొత్త కాదు, బాగానే పనిచేస్తుంది. అయితే దాని మీద ప్లాస్టరు మీద ప్లాస్టరు వేసి గుచ్చిన చోటే కనబడకుండా కప్పేస్తే, వాపు మొదలైందన్న సంగతి ప్లాస్టరు విప్పేదాకా ఎవరికీ తెలియదు. గుచ్చిన చోట పైనుంచి కనబడే పారదర్శక అతుకు ఉంటే మేలు.

మూడోది సూక్ష్మక్రిములు. కత్తిపూడి మీదుగా వచ్చే ఆ క్యాన్యులాకి ఇక్కడే పని పడుతుంది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2011 మార్గదర్శకాలు ఒక మాట స్పష్టంగా చెప్పాయి: హడావుడిలో, శుభ్రత నియమాలు పాటించారన్న నమ్మకం లేని చోట పెట్టిన గొట్టాన్ని వీలైనంత త్వరగా, 48 గంటల లోపే తీసి కొత్తది పెట్టాలి. మన దారుల్లో ఈ నియమం ఎదురు తిరుగుతుంది. దొరక్క దొరక్క దొరికిన నరం కదా అని వచ్చిన గొట్టాన్నే కాపాడుకోవాలని అందరికీ అనిపిస్తుంది. పదిసార్లు గుచ్చించుకున్న బిడ్డని చూశాక ఆ ఆలోచన తప్పనడం కష్టమే. అందుకే తగువు కాకినాడలో కాదు, మొదటి మజిలీలోనే తీరాలి. అక్కడ ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడిచి, నోటితో ఊదకుండా దానంతట అది ఆరేదాకా అర నిమిషం ఆగి, తుడిచాక మళ్లీ వేలితో నరం తడమకుండా గుచ్చి, ప్లాస్టరు మీద తేదీ, వేళ రాస్తే అది నమ్మదగిన గొట్టమవుతుంది. రిఫరల్ చీటీ మీద ఏ మందులు ఎక్కించారో కూడా రాస్తే కాకినాడ వార్డులో నర్సుకి దాన్ని ఉంచాలో తియ్యాలో తేల్చుకునే ఆధారం దొరుకుతుంది.

ఎన్నాళ్లుంచాలన్న ప్రశ్న దగ్గర చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. 1991లో అమెరికాలో మాకీ, రింగర్ వెయ్యికి పైగా క్యాన్యులాలను గమనించి, నాలుగో రోజుకల్లా వాపు వచ్చే అవకాశం సగానికి మించిందని లెక్క తేల్చారు. యాంటీబయాటిక్ ఎక్కిస్తే ప్రమాదం రెట్టింపు, రెండు రోజులు దాటితే ఇంచుమించు అంతే. గొట్టం టెఫ్లాన్‌ది కాక మెత్తటి పాలీయూరిథేన్‌ది అయితే ప్రమాదం నాలుగో వంతు దాకా తగ్గింది. (టెండరులో ధర ఒక్కటే చూసి కొనేవాళ్ల కంట ఈ చివరి సంగతి పడదు.) ఇది చదివితే మూడు రోజులకోసారి గొట్టం మార్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. చాలా ఆసుపత్రులు అలాగే చేశాయి కూడా. అయితే 2012లో క్లెయిర్ రికర్డ్ బృందం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లలో చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. గడియారం చూసి మార్చినవాళ్లలోను, అవసరమైతేనే మార్చినవాళ్లలోను వాపు నూటికి ఏడు దగ్గరే ఉంది. మార్చినప్పుడల్లా మరో నరం గాయపడుతుంది కదా. పిల్లల విషయంలో సీడీసీ అంతకు ముందే, అవసరమైతే తప్ప మార్చొద్దని చెప్పింది. ఈ రెండు పరిశోధనలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని ఎవరైనా అనవచ్చు. నేను అలా చదవను. రోజులు పెరిగేకొద్దీ ప్రమాదం పోగుపడుతుంది, నిజమే. కాని పాతది తీసి కొత్తది పెడితే ఆ పోగు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది తప్ప మాయమవదు. అసలు గొట్టమే లేకుండా చేస్తేనే మాయమవుతుంది. అందుకని రోజూ అడగాల్సింది మార్చాలా అని కాదు, ఇంకా కావాలా అని.

ఈ ప్రశ్నకి వచ్చే జవాబు మన ప్రాంతంలో కాస్త ఇబ్బంది పెడుతుంది. బిడ్డ నీరసంగా ఉంటే “ఒక బాటిల్ ఎక్కించండి” అని తల్లిదండ్రులే అడుగుతారు. ఎక్కించకపోతే ఆ డాక్టరు వైద్యం చేయలేదనుకుంటారు. 5 శాతం గ్లూకోజ్ అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. బిడ్డ తాగగలిగితే అయిదారు చెంచాల పంచదార కలిపిన నీళ్లతో తీరే శక్తి అది. నరంలోంచి పోసే ద్రవం ప్రాణం నిలిపిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1832లో కలరా రోగులకి థామస్ లాటా అనే స్కాటిష్ వైద్యుడు ఉప్పునీళ్లు నరంలోకి ఎక్కించి చూపించాడు. షాక్‌లో ఉన్న బిడ్డకి, స్పృహ లేని బిడ్డకి, ఆగకుండా వాంతులవుతున్న బిడ్డకి ఈనాటికీ అదే దారి. మిగిలిన చాలామందికి దారి 1971లో తెరుచుకుంది. బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి తాగించాడు. నూటికి 30 దగ్గరున్న చావులు నాలుగు కన్నా కిందికి దిగాయి. ఆయన చనిపోయాక, 2023లో దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అంగన్‌వాడీలో ఉచితంగా దొరికే ఈ రోజుల్లో కూడా సీసాకున్న గౌరవం దానికి లేదు.

యాంటీబయాటిక్ సంగతీ అంతే. ఇంజక్షన్ అయితేనే పనిచేస్తుందన్నది బలమైన నమ్మకం. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో భారత్ సహా ఎనిమిది దేశాల్లో తీవ్రమైన న్యుమోనియా ఉన్న 1,702 మంది పిల్లలకి సగంమందికి ఇంజక్షన్ పెన్సిలిన్, సగంమందికి నోటితో అమాక్సిసిలిన్ ఇచ్చి చూశారు. రెండు వైపులా వైద్యం ఫలించనివాళ్లు నూటికి 19 మందే. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు ఎగరేసే పిల్లలకి కూడా, ఇతర ప్రమాద సూచనలు లేకపోతే నోటి మందే చాలని తన సలహా మార్చుకుంది. భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధక బృందం 1948లో లోకానికి ఇచ్చిన ఆరియోమైసిన్ నోట్లో వేసుకునే గొట్టం మాత్రే. (దాన్ని ఇప్పుడు పిల్లలకి వాడరు, అది వేరే సంగతి.) గోదావరి జిల్లాలవాళ్లకి నోటి మందు మీద చిన్నచూపు ఉండటం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. ఇంజక్షన్‌తో మొదలుపెట్టాల్సిన జబ్బుల్లో కూడా జ్వరం దిగి, బిడ్డ తింటున్నాక నోటి మందుకి మారవచ్చేమో ఏ రోజుకారోజు చూసుకోవాలి. ఆ నిర్ణయం డాక్టరుదే. తల్లిదండ్రులు అడగడంలో మాత్రం తప్పు లేదు.

ఇన్ని చెప్పినా, ఇది పట్టించుకునేంత జబ్బా అని అడిగేవాళ్లుంటారు. చాలామందిలో గొట్టం తీసేస్తే కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది, నిజమే. కాని వాచిన నరం కొన్నాళ్లు వాడుకకి రాదు. వాడదగ్గ నరాలు పదీ పన్నెండు లేని బిడ్డకి ఒక్కోటీ పోతుంటే తర్వాతి డోసు ఆలస్యమవుతుంది. చీము పడితే క్రిములు రక్తంలోకి చేరవచ్చు. కాల్షియం లాంటి మందు బయటికి పోతే చర్మం చచ్చి పుండవుతుంది. నర్సుల కొరత మాటేమిటన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. కిక్కిరిసిన పిల్లల వార్డులో ఒక్క సిస్టరు గంటగంటకీ ప్రతి చెయ్యీ చూడటం ఆచరణలో జరగదు, అది ఆమె తప్పు కాదు. బ్రిటన్‌లో ఆండ్రూ జాక్సన్ 1998లో సున్నా నుంచి అయిదు దాకా అంకెలతో వాపుని కొలిచే పట్టిక తయారుచేశాడు. నొప్పి, ఎరుపు, వాపు, తాడులా తగిలే నరం చూసి అంకె వెయ్యాలి. మంచి పట్టికే. కాని అది నొప్పి చెప్పగలిగే రోగి ఉన్నాడనుకుంటుంది, తెల్ల చర్మం మీది ఎరుపుని నమ్ముకుంటుంది. చామనఛాయ, నల్లటి పిల్లల చేతి మీద ఎరుపు ఆలస్యంగా కనబడుతుంది, ఒక్కోసారి అసలు కనబడదు. మన పిల్లల విషయంలో కన్ను కన్నా వేళ్లే ముందు చెబుతాయి. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రివాళ్లు అలవాటు చేసిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది: తాకడం, చూడటం, రెండో చేతితో పోల్చడం. మంచం పక్కనే ఉండే తల్లికి దీన్ని రెండు నిమిషాల్లో నేర్పవచ్చు. అలాగని నర్సు చెయ్యాల్సిన పని తల్లి నెత్తిన వెయ్యమని కాదు. ఆమె గమనించి చెబితే సిస్టరు పరుగున రావాలి, “కట్టు బాగానే ఉంది, ఊరికే కంగారు పడకమ్మా” అనకూడదు.

వాపు కనబడగానే వేడినీళ్ల కాపడం పెట్టేయడం మన ఇళ్ల అలవాటు. ముందు సెలైన్ ఆపించి, ఏ మందు ఎక్కుతోందో సిస్టరుకి చూపించాలి. బయటికి పోయిన కొన్ని మందులకి వేడి మేలు చేస్తే, కొన్నిటికి కీడు చేస్తుంది. వార్డుల్లో వేసే మ్యాగ్‌సల్ఫ్ గ్లిజరిన్ పట్టీ, రాసే జెల్‌ల వల్ల ఉపశమనం ఉండొచ్చు. అవి గట్టిగా మేలు చేస్తాయనడానికి మాత్రం ఆధారాలు పలచగానే ఉన్నాయి. అసలు చికిత్స గొట్టం తీసెయ్యడమే. తీసేశాక కూడా రెండు రోజుల దాకా వాపు కొత్తగా మొదలవ్వవచ్చు. డిశ్చార్జి అయి ఇంటికి తెచ్చిన బిడ్డకి ఆ రెండు రోజులూ స్నానం చేయించేటప్పుడు గుచ్చిన చోట వేళ్లతో తడిమి చూడాలి. వేడిగా, గట్టిగా తగిలినా, పైకి గీతలా పాకినా, చీము కారినా, మళ్లీ జ్వరం వచ్చినా మరో పూట ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.